కాన్సులేట్ దగ్గర ఆగిపోయిన ఫైనల్ బిల్లు: సెక్షన్ 86 అనుమతి చుట్టూ నడిచిన ఒక కేసు

కక్షిదారు ఎవరో, ఏ ఊరో, ఏ దేశం కాన్సులేటో ఇక్కడ చెప్పడం లేదు. మొత్తాలు, నెలలు కూడా ఆనవాలు దొరక్కుండా మార్చాం. నిర్ణయాలు, వాటి వెనకున్న లెక్క మాత్రం మార్చలేదు. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 86 ప్రకారం విదేశీ రాజ్యం మీద దావా వేయాలంటే కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. విదేశీ ప్రభుత్వం మీద మన కోర్టులో దావా వేయడం ఎలా అని అడిగేవాళ్లు ఎక్కువగా కాంట్రాక్టర్లు, ఇంటి యజమానులు, క్యాటరింగ్ వాళ్లు, ట్రావెల్స్ వాళ్లు. వాళ్లకీ, వాళ్ల కేసు మొదటిసారి చేతికొచ్చిన జూనియర్లకీ పనికొస్తుందని రాస్తున్నాం.

నేపథ్యం

దక్షిణాదిలో ఒక నగరం. ఒక విదేశీ ప్రభుత్వం అక్కడ కాన్సులేట్ కోసం అద్దె భవనం తీసుకుంది. ఏసీ డక్టింగ్, ఎలక్ట్రికల్ ప్యానెళ్లు, జనరేటర్ ఛేంజోవర్, లోపలి వైరింగ్ పనిని పదిమంది పనివాళ్లున్న ఒక స్థానిక కాంట్రాక్టరుకు ఇచ్చారు. జీఎస్టీ కాకుండా వర్క్ ఆర్డర్ విలువ 68 లక్షలు. మూడు రన్నింగ్ బిల్లులకు 45 లక్షలు సక్రమంగానే వచ్చాయి. మిగిలింది 23 లక్షలు. అందులో 17 లక్షల పనికి కాన్సులేట్ పెట్టుకున్న ఇంజినీరు ఎం-బుక్‌లో (కొలతల పుస్తకంలో) కొలతలు రాసి సంతకం పెట్టాడు. మిగతా 6 లక్షలు ఎక్స్‌ట్రా ఐటమ్స్. సైట్‌లో నోటిమాటగా చెప్పించుకుని చేసినవి.

పని అయిన రెండు నెలలకు ఫైనల్ బిల్లు వేశాడు. అప్పటికే పాత అధికారి బదిలీ మీద వెళ్లిపోయాడు. కొత్తగా వచ్చినాయన ఎక్స్‌ట్రాలకు అనుమతి లేదన్నాడు. ఎక్స్‌ట్రాల సంగతి తేలేదాకా మొత్తం బిల్లు ఆపేశారు. కాంట్రాక్టరు మాత్రం 23 లక్షల మీద 18 శాతం జీఎస్టీ, అంటే 4 లక్షల 14 వేలు, సొంత డబ్బులోంచి కట్టేశాడు. విదేశీ మిషన్లకు (రాయబార కార్యాలయాలకు, కాన్సులేట్లకు) జీఎస్టీలో యూఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. సరఫరాదారు వేసిన పన్నును ఆ నంబరు మీద సీజీఎస్టీ చట్టం సెక్షన్ 55 కింద వాపసు అడుక్కునే వీలు వాళ్లకుంది. సరఫరాదారుకు ఆ వీలు లేదు. బిల్లు వసూలు కాలేదని కట్టిన జీఎస్టీ వెనక్కి రాదు.

మా దగ్గరకు వచ్చేసరికి పని పూర్తయి 30 నెలలు. ఇక్కడి నెలల లెక్కంతా పని పూర్తయిన నాటి నుంచే. ఫైల్లో రెండు కాగితాలు విలువైనవిగా కనిపించాయి. ఒకటి వర్క్ ఆర్డర్ చివరి పేజీ. వివాదాలన్నీ ఆ నగర కోర్టుల పరిధిలోకి వస్తాయన్న వాక్యం సంతకాలకు సరిగ్గా పైన ఉంది. రెండోది 8వ నెలలో కాన్సులేట్ అకౌంట్స్ విభాగం నుంచి వచ్చిన మెయిల్. ఇన్‌వాయిస్‌లో యూఐఎన్ ఒక అంకె తప్పు పడిందని, సరిచేసి పంపమని, రాజధాని నుంచి నిధులు విడుదల కాగానే చెల్లిస్తామని మూడు వరుసల్లో ఉంది. కాంట్రాక్టరు దాన్ని యూఐఎన్ దిద్దుకోమన్న మెయిల్‌గానే చూశాడు. మాకు కావలసింది మూడో వరుస. బాకీ ఉందని రాతపూర్వకంగా ఒప్పుకున్న మాట అదొక్కటే.

అంతకుముందు జరిగినవి

10వ నెలలో కాంట్రాక్టరు కేంద్ర ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్‌లో అర్జీ పెట్టాడు. ఇది వాణిజ్య వివాదం, తగిన కోర్టుకు వెళ్లమని రాసి మూసేశారు. దాన్ని ప్రభుత్వ నిరాకరణగా చూపించే ప్రయత్నం తర్వాత జరిగింది గానీ అది నిలబడే వాదన కాదు. పోర్టల్‌లో పెట్టినది సెక్షన్ 86 కింద అడిగిన అనుమతి కాదు. అందుకే దానికొచ్చిన జవాబు కూడా ఆ సెక్షన్ కింది ఉత్తర్వు అనిపించుకోదు.

12వ నెలలో అప్పటి న్యాయవాది సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 80 కింద నోటీసు ఇచ్చి రెండు నెలలు ఆగారు. సెక్షన్ 80 మన ప్రభుత్వం మీద, మన అధికారుల మీద వేసే దావాలకు. విదేశీ రాజ్యానికి దానితో సంబంధం లేదు.

15వ నెలలో కమర్షియల్ కోర్టులో దావా పడింది. ప్రతివాదులుగా కాన్సులేట్‌నూ, కాన్సుల్ జనరల్‌ను పేరుతో సహా పెట్టారు. సమన్లు తీసుకెళ్లిన ప్రాసెస్ సర్వర్‌ను గేటు దగ్గరే ఆపేశారు. సమన్లు తిరిగొచ్చాయి. కొన్ని వాయిదాల తర్వాత అవతలి పక్షం న్యాయవాది హాజరై, చట్టమే అడ్డుపడే దావా అంటూ ఆర్డర్ 7 రూల్ 11(డి) కింద ప్లెయింట్ (దావా పత్రం) తిరస్కరించాలని అడిగారు. 29వ నెలలో తిరస్కరించారు. పద్నాలుగు నెలలు పోయాయి. మళ్లీ వేయాలంటే కోర్టు ఫీజు మళ్లీ కట్టాలి.

ఆ ప్లెయింట్‌లో మూడు లోపాలున్నాయి. మూడూ వేర్వేరు రకాలు కాబట్టి విడివిడిగా చెప్పాలి.

మొదటిది అనుమతి లేకపోవడం. సెక్షన్ 86(1) ప్రకారం కేంద్ర ప్రభుత్వ అనుమతి ఉండాలి, దాన్ని ఆ ప్రభుత్వ కార్యదర్శి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. అవి లేకుండా విదేశీ రాజ్యం మీద ఏ కోర్టులోనూ దావా నడవదు. విదేశీ రాజ్యం నుంచి స్థిరాస్తి అద్దెకు తీసుకున్నవాడు అద్దెదారుగా వేసే దావాకు మాత్రమే ఇందులో మినహాయింపు.

రెండోది పార్టీ పేరు. కాన్సులేట్‌కు వేరే చట్టబద్ధ వ్యక్తిత్వం లేదు. ఒప్పందం చేసుకున్నది ఆ రాజ్యం. కాన్సుల్ జనరల్ ముద్ర వేసి, హోదా రాసి సంతకం పెట్టాడు. 1963 వియన్నా కాన్సులర్ ఒప్పందం ఆర్టికల్ 43 ప్రకారం, కాంట్రాక్టుల విషయంలో, కాన్సులర్ అధికారి తన దేశం తరఫున కాకుండా సొంతంగా చేసుకున్న కాంట్రాక్టు మీదే అతనిపై సివిల్ చర్య సాగుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఆయన పేరు పెట్టడం వల్ల ఒరిగిందేమీ లేకపోగా, మిషన్‌తో మాటలు తెగిపోయాయి.

మూడోదాన్ని కోర్టు ఎత్తనే లేదు, కానీ ఎత్తి ఉంటే అదొక్కటే చాలేది. కమర్షియల్ కోర్ట్స్ చట్టం సెక్షన్ 12ఎ కింద దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. అత్యవసర ఉపశమనం అడగని దావాకు అది తప్పనిసరని సుప్రీంకోర్టు 2022లో పాటిల్ ఆటోమేషన్ కేసులో చెప్పింది. ఈ దావాలో వెళ్లలేదు.

కక్షిదారు నమ్మకం ఎక్కడ తప్పింది

కక్షిదారు బంధువు ఒకరు టెక్సాస్‌లో ఉంటారు. వ్యాపార లావాదేవీకి సార్వభౌమ రక్షణ (విదేశీ రాజ్యాన్ని కోర్టుకు లాగకూడదన్న రక్షణ) వర్తించదు, ఇంత చిన్న విషయానికి అనుమతి ఏమిటని ఆ బంధువు వాదన. అమెరికాలో ఆ మాట నిజమే. అక్కడ 1976లో ప్రత్యేక చట్టం వచ్చింది. వాణిజ్య కార్యకలాపం మీద వేసే దావాకు రక్షణ ఉండదు, ఉందో లేదో కోర్టే తేలుస్తుంది, విదేశాంగ శాఖను అడగక్కర్లేదు. బ్రిటన్‌లో 1978 చట్టం కూడా ఆ దారిదే. మనకు అలాంటి ప్రత్యేక చట్టం లేదు. ఐక్యరాజ్యసమితి 2004లో తెచ్చిన రాజ్యాల రక్షణల ఒప్పందం మీద 2007లో సంతకం పెట్టాం గానీ ధ్రువీకరించలేదు. మనకున్నదల్లా సెక్షన్ 86. మిర్జా అలీ అక్బర్ కషానీ కేసులో వివాదం టీ కాంట్రాక్టు గురించే, అవతలి పక్షం అప్పటి యునైటెడ్ అరబ్ రిపబ్లిక్. అంతర్జాతీయ న్యాయం ఏం చెప్పినా మన దగ్గర ఈ సెక్షన్ చెప్పిందే చెల్లుతుందని, అనుమతి లేని దావా నడవదని 1965లో సుప్రీంకోర్టు తేల్చింది. వ్యాపారమైతే రక్షణ లేదన్న సూత్రం ఇక్కడ కోర్టు తలుపు తీయదు. అనుమతి ఇవ్వాలా వద్దా అని ప్రభుత్వం చూసేటప్పుడు అది పనికొస్తుంది.

ఇది కక్షిదారుకు అర్థమయ్యేలా చెప్పడానికి రెండు సిట్టింగులు పట్టింది. అవి పట్టాల్సిందే. అది అర్థం కానివాడు అనుమతి దరఖాస్తును ఒక ఫార్మాలిటీగా చూస్తాడు, ఒకటిన్నర పేజీ ఉత్తరంతో సరిపెట్టేస్తాడు.

ముందున్న దారులు, ఏది ఎందుకు వదిలేశాం

వినియోగదారుల ఫోరం. ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ కేసులో సుప్రీంకోర్టు 2011లో వినియోగదారుల ఫిర్యాదుకు సెక్షన్ 86 అనుమతి అక్కర్లేదని చెప్పింది. కానీ ఇక్కడ సేవ అందించింది మనవాడే. వినియోగదారు అవతలివాడు. ఆ దారి మొదటి నిమిషంలోనే మూసుకుపోయింది.

ఎంఎస్ఎంఈ ఫెసిలిటేషన్ కౌన్సిల్, అంటే చిన్న పరిశ్రమల బాకీలు తేల్చే ప్రభుత్వ మండలి. దీని మీద నాలుగు రోజులు కూర్చున్నాం, ఎందుకంటే పైకి చాలా బాగుంది. చిన్న పరిశ్రమ ఎంఎస్ఎంఈ చట్టం సెక్షన్ 18 కింద కౌన్సిల్‌కు వెళ్తే, రాజీ కుదరకపోతే అది ఆర్బిట్రేషన్‌గా (కోర్టు బయట మధ్యస్థుడు తీర్పిచ్చే పద్ధతిగా) మారుతుంది. బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. పైగా అది దావా కాదు. 2021 జూన్‌లో ఢిల్లీ హైకోర్టు కేఎల్ఏ కన్‌స్ట్ కేసులో, వ్యాపార లావాదేవీ మీద వచ్చిన ఆర్బిట్రేషన్ అవార్డును విదేశీ రాజ్యం మీద అమలు చేయడానికి సెక్షన్ 86(3) అనుమతి అక్కర్లేదని చెప్పింది. అందులో ప్రతివాది కూడా ఒక రాయబార కార్యాలయమే, పని కూడా కట్టడానికి సంబంధించినదే.

అయినా వదిలేశాం. కేఎల్ఏ తీర్పుకు ఆధారం ఆర్బిట్రేషన్ ఒప్పందం: ఆ రాజ్యం తనంతట తాను ఒప్పుకుంది కాబట్టి రక్షణ వదులుకున్నట్టే అన్నది ఆ వాదన. కౌన్సిల్ ఆర్బిట్రేషన్ చట్టం రుద్దేది. అక్కడ ఆ రాజ్యం ఒప్పుకున్నదేమీ లేదు. రెండో చిక్కు, మా కక్షిదారు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా నమోదు) పని మొదలైన ఐదు నెలలకు తీసుకున్నాడు. కాంట్రాక్టు నాటికే రిజిస్టరై ఉండాలని సిల్పి ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మూడో చిక్కు, వర్క్స్ కాంట్రాక్టులు (సామాను, పని కలిసినవి) ఆ చట్టం కిందకు రావని కొన్ని హైకోర్టులు అన్నాయి. మూడు చిక్కుల్లో ఏ ఒక్కటి తగిలినా మరో ఏడాదిన్నర పోతుంది. ఒకసారి పద్నాలుగు నెలలు పోగొట్టుకున్నవాణ్ని మళ్లీ ప్రయోగానికి పెట్టకూడదు.

ఇక మిగిలింది సెక్షన్ 86 దరఖాస్తు.

లిమిటేషన్ లెక్క

లిమిటేషన్ అంటే దావా వేయడానికి చట్టం పెట్టిన గడువు. దరఖాస్తు రాయకముందే వేయాల్సిన లెక్క ఇది. చెల్లింపు గడువు విడిగా పెట్టని పని తాలూకు డబ్బుకు లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 18 కింద పని పూర్తయిన నాటి నుంచి మూడేళ్లు. అంటే 36వ నెలతో సరి. 8వ నెల మెయిల్‌ను అదే చట్టం సెక్షన్ 18 కింద బాకీ అంగీకారంగా తీసుకుంటే 44వ నెల దాకా ఉంటుంది. పాత దావాలో పోయిన పద్నాలుగు నెలలను సెక్షన్ 14 కింద మినహాయించమని అడిగితే ఇంకా ముందుకు పోతుంది.

కానీ మెయిల్ పంపినవాడికి ఒప్పుకునే అధికారం ఉందా, అది సంతకమైన రాత కిందకు వస్తుందా అని అవతలివాళ్లు తప్పక అడుగుతారు. అనుమతి లేకుండా వేసిన దావా సద్బుద్ధితో నడిపినదేనా అన్న ప్రశ్న సెక్షన్ 14 దగ్గర వస్తుంది. కాబట్టి ఈ రెండూ వాదనకు దాచుకుని, క్యాలెండర్‌లో మాత్రం 36వ నెలనే రాసుకున్నాం.

నిజంగా ఆదుకున్నది లిమిటేషన్ చట్టం సెక్షన్ 15(2). ప్రభుత్వ ముందస్తు అనుమతి అవసరమైన దావాకు, ఆ అనుమతి పొందడానికి పట్టిన కాలం లెక్కలోంచి తీసేస్తారు. దరఖాస్తు పెట్టిన రోజు, ఉత్తర్వు అందిన రోజు రెండూ మినహాయింపులోకే వస్తాయి. 31వ నెలలో దరఖాస్తు పెడితే గడియారం అక్కడ ఆగుతుంది, ఐదు నెలలు చేతిలో ఉంటాయి. ఆ తేదీకి తిరుగులేని రుజువు కావాలి. అందుకని స్పీడ్‌పోస్టుతో ఊరుకోలేదు. ఢిల్లీలో మనిషిని పంపి, కాపీ మీద విదేశాంగ శాఖ స్వీకరణ ముద్ర, డైరీ నంబరు వేయించుకున్నాం. ఆ కాపీకి లామినేషన్ చేయించబోతే కక్షిదారును ఆపాల్సి వచ్చింది. కోర్టులో మార్కింగ్‌కు అసలు కాగితం కావాలి.

దరఖాస్తు ఎలా రాశాం

సెక్షన్ 86(2) చదివితే ప్రభుత్వం చేతులు కూడా కట్టేసి ఉన్నాయని తెలుస్తుంది. నాలుగు పరిస్థితుల్లో ఏదో ఒకటి కనిపిస్తే తప్ప అనుమతి ఇవ్వకూడదు: (ఎ) ఆ రాజ్యమే దావా వేయాలనుకునేవాడి మీద అదే కోర్టులో దావా వేసి ఉండాలి, (బి) ఆ కోర్టు పరిధిలో స్వయంగా గానీ మరొకరి ద్వారా గానీ వ్యాపారం చేస్తూ ఉండాలి, (సి) ఆ పరిధిలోని స్థిరాస్తి దాని స్వాధీనంలో ఉండి, దావా ఆ ఆస్తికి సంబంధించినదో, దాని మీద తాకట్టుగా నిలిచిన సొమ్ము కోసమో అయి ఉండాలి, (డి) తనకున్న రక్షణను స్పష్టంగానో పరోక్షంగానో వదులుకుని ఉండాలి.

మేం చూసిన దరఖాస్తుల్లో ఎక్కువ భాగం ఈ నాలుగింటి ఊసే ఎత్తవు. డబ్బు రావాలి, అన్యాయం జరిగింది, అనుమతివ్వండి అంటాయి. అది చదివిన అధికారికి సానుభూతి ఉన్నా ఫైలు మీద రాయడానికి ఏమీ దొరకదు.

ఇక్కడ (ఎ) లేదు. (బి) బలహీనం. సొంత ఆఫీసుకు ఏసీ పెట్టించుకోవడాన్ని ఆ దేశం ఇక్కడ వ్యాపారం చేయడం అనలేం. (సి)లో చట్టం వాడిన మాట స్వాధీనం, యాజమాన్యం కాదు. అద్దె భవనం స్వాధీనంలో ఉన్నట్టే. పని ఆ భవనంలోనే జరిగింది. దావా ఆ ఆస్తికి సంబంధించినదా, ఉత్త డబ్బు దావానా అన్నది వాదనకు లోబడే విషయం. (డి)కి వర్క్ ఆర్డర్ చివరి పేజీ ఉంది. నగర కోర్టుల పరిధికి ఒప్పుకోవడం అంటే పరోక్షంగా రక్షణ వదులుకోవడమే అన్నాం. అందుకని (డి)ని ముందు, (సి)ని ప్రత్యామ్నాయంగా, (బి)ని చివర ఒకే పేరాలో రాశాం.

జూనియర్లు తరచూ ఇక్కడ పొరబడతారు. ఒప్పందంలో కోర్టు పరిధి క్లాజు ఉంటే అనుమతే అక్కర్లేదనుకుంటారు. అలా కాదు. ఇది ప్రజాహితం కోసం పెట్టిన నిబంధన, పార్టీలు వదులుకుంటే పోయేది కాదని 1938లోనే గైక్వాడ్ బరోడా రైల్వే కేసులో ప్రీవీ కౌన్సిల్ చెప్పింది. ఆ క్లాజు అనుమతి పొందడానికి అర్హత ఇస్తుంది, అంతవరకే.

చట్టం ఫలానా దావాకు అనుమతి అంటుంది కాబట్టి డ్రాఫ్టు ప్లెయింట్ పూర్తిగా తయారుచేసి జత చేశాం. ప్రతివాదిగా ఆ రాజ్యం అధికారిక నామం, కోర్టు పేరు, అడిగే మొత్తం, వడ్డీ రేటు అన్నీ అందులోవే. అనుమతి వచ్చాక ప్లెయింట్‌లో మొత్తం పెంచితే, ఇది మేం అనుమతించిన దావా కాదనే అభ్యంతరం వస్తుంది. అందుకే 27 లక్షల 14 వేలు అన్న అంకె మీద ముందే కక్షిదారుతో సంతకం తీసుకున్నాం. ఎం-బుక్ పేజీల ఫొటోకాపీలు, మూడు బిల్లులకు డబ్బు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, మెయిళ్లు వరసగా పెట్టాం. 17 లక్షలు ఇంజినీరు సంతకమున్న పని, 6 లక్షలు వివాదంలో ఉన్న పని అని దాచకుండా రెండు పట్టికలు వేశాం. ప్రాథమికంగా కేసు ఉందా అని చూసే అధికారికి నిజాయితీగా విడదీసిన లెక్క పెద్ద సాయం. మొత్తం కలిపి చూపిస్తే ఎక్స్‌ట్రాల మీది అనుమానం 17 లక్షలకూ అంటుకునేది.

అదే నెలలో జిల్లా న్యాయసేవాధికార సంస్థలో సెక్షన్ 12ఎ కింద మధ్యవర్తిత్వ దరఖాస్తు కూడా పెట్టాం. అనుమతి కోసం ఆగితే ఆ నెలలు ఊరికే పోతాయి. అది దావా కాదు కాబట్టి అనుమతి లేకుండా పెట్టొచ్చన్నది మా అభిప్రాయం. అవతలివాళ్లు రాలేదు. మధ్యవర్తిత్వం మొదలే కాలేదని చెప్పే నాన్-స్టార్టర్ రిపోర్టు చేతికొచ్చింది, దాని పని అంతే.

ఏడు నెలల మౌనం

జవాబు రాలేదు. రెండు రిమైండర్లు పంపాం. శాఖ ప్రోటోకాల్ విభాగానికీ విడిగా రాశాం. విషయాన్ని మిషన్ దృష్టికి తీసుకెళ్లామని ఒక వరుస జవాబు వచ్చింది. అది డబ్బు తేలేదు గానీ, దరఖాస్తు అందిందనడానికి శాఖ స్వయంగా ఇచ్చిన రుజువైంది.

38వ నెలలో హైకోర్టులో రిట్ వేశాం. ఇందులో రెండు నిర్ణయాలున్నాయి. మొదటిది, ప్రతివాదిగా భారత ప్రభుత్వాన్ని మాత్రమే పెట్టడం. విదేశీ రాజ్యాన్ని కూడా చేర్చాలని కక్షిదారు పట్టుబట్టాడు. చేర్చి ఉంటే రక్షణ ప్రశ్న, నోటీసు అందించే తంటా రిట్‌లోకే వచ్చేవి. మనం అడిగేది మన ప్రభుత్వం తన పని చేయమని. అవతలి రాజ్యం చేసిందీ చేయనిదీ ఇక్కడ ప్రశ్నే కాదు. రెండోది, అనుమతి ఇవ్వమని ఆదేశించండి అని అడగకపోవడం. కారణాలతో, గడువులోగా, సెక్షన్ 86(6) కింద మా మాట విని నిర్ణయించమని మాత్రమే అడిగాం. నిరాకరించే ముందు దరఖాస్తుదారుకు తగిన అవకాశం ఇవ్వాలని ఆ ఉపసెక్షన్ చెబుతుంది. 1976 సవరణలో వచ్చింది.

హర్భజన్ సింగ్ ఢల్లా కేసు ఇక్కడ మా వెన్నెముక. అల్జీరియా రాయబార కార్యాలయానికి మరమ్మతు పనులు చేసిన వ్యక్తి డబ్బు రాక అనుమతి అడిగితే ప్రభుత్వం నిరాకరించింది. 1986లో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసి, కారణాలతో మళ్లీ పరిశీలించమంది. అనుమతి ప్రభుత్వ దయాదాక్షిణ్యం కాదు, కారణాలు చెప్పాల్సిన నిర్ణయం అని స్థిరపడింది అక్కడే. మన కేసు వాస్తవాలు దానికి దాదాపు నకలు.

హైకోర్టు పన్నెండు వారాల గడువిచ్చింది. 41వ నెలలో ఢిల్లీలో విచారణకు పిలిచారు. అధికారులు అడిగినవి సూటి ప్రశ్నలు: పని జరిగిందనడానికి మిషన్ తరఫు రాత ఏముంది, నాలుగు పరిస్థితుల్లో ఏది, మిషన్‌తో రాజీకి ఏం ప్రయత్నం చేశారు. మూడింటికీ పేజీ నంబర్లతో జవాబు సిద్ధంగా ఉంది. మిషన్ అభిప్రాయం కూడా శాఖ తెప్పించుకుంది. 17 లక్షల చెల్లింపు పరిశీలనలో ఉందని, ఎక్స్‌ట్రాలకు మాత్రం అనుమతి లేదని వాళ్లు రాసినట్టు విచారణలో చెప్పారు. రెండు పట్టికలు వేసిన ఫలితం అక్కడ కనిపించింది.

42వ నెలలో అనుమతి వచ్చింది. సంతోషంతో అదే రోజు దావా వేసేద్దామన్నాడు కక్షిదారు. ఉత్తర్వు అక్షరం అక్షరం చదివితే ప్రతివాది పేరు దగ్గర రాజ్యం బదులు కాన్సులేట్ జనరల్ అని పడింది. డ్రాఫ్టు ప్లెయింట్‌లో ఉన్నది రాజ్యం పేరు. ఈ తేడాతో వేస్తే కోర్టు ఆఫీసు అబ్జెక్షన్‌తోనే తిరిగి రావచ్చు, లేదా ఏడాది తర్వాత మళ్లీ రూల్ 11 రావచ్చు. సవరణ అడిగాం. నెల పట్టింది. ఆ నెలలో లిమిటేషన్ ఆగి ఉందని అనుకోలేదు. మొదటి ఉత్తర్వు అందిన రోజు నుంచే గడియారం నడుస్తోందని లెక్కేసి, 36కు పదకొండు కలిపి 47వ నెలను ఆఖరి గడువుగా రాసుకున్నాం.

డిక్రీ విలువ ఎంత

సవరించిన అనుమతి ప్రతి, దాఖలుకు సిద్ధమైన ప్లెయింట్ ఢిల్లీలోని ఆ దేశ రాయబార కార్యాలయానికి పంపి ముప్పై రోజులు గడువిచ్చాం. మూడో వారంలో ఫోను వచ్చింది. 17 లక్షలు, దాని మీద జీఎస్టీ ఇస్తామన్నారు. వడ్డీ లేదు, ఎక్స్‌ట్రాలు లేవు.

కక్షిదారు వద్దన్నాడు. నాలుగేళ్లు తిరిగాడు, అతని కోపం న్యాయమైనదే. కానీ గెలిస్తే ఏమొస్తుందో కాగితం మీద వేసి చూపించాల్సిన బాధ్యత మాది. దావా నడిచి డిక్రీ (కోర్టు తుది తీర్పు) వచ్చినా, దాన్ని ఆ రాజ్యం ఆస్తి మీద అమలు చేయడానికి సెక్షన్ 86(3) కింద మళ్లీ విడిగా అనుమతి కావాలి. దావాకు ఇచ్చిన అనుమతి అమలుకు పనికిరాదు. కేఎల్ఏ తీర్పు ఆర్బిట్రేషన్ అవార్డులకే, కోర్టు డిక్రీకి కాదు. పోనీ అనుమతి వచ్చినా జప్తు చేయడానికి ఏముంది? రాయబార కార్యాలయం భవనం, సామాను, వాహనాలు 1961 వియన్నా ఒప్పందం ఆర్టికల్ 22 కింద జప్తుకు అందవు, మన 1972 చట్టం దాన్ని ఇక్కడ అమల్లోకి తెచ్చింది. కాన్సులేట్ ఉన్నది అద్దె భవనం. ఆ నగరంలో ఆ దేశానికి విమానయాన సంస్థ ఆఫీసు గానీ, ప్రభుత్వ బ్యాంకు శాఖ గానీ లేవు. ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేస్తే అందులో ఏ ఆస్తి రాయాలో తెలియని డిక్రీ అది.

అందుకని ఎక్స్‌ట్రాలను ఒక్కొక్కటిగా విడదీశాం. ఆరింటిలో రెండింటికి సైట్ ఇంజినీరు మెయిల్ ఉంది, విలువ రెండున్నర లక్షలు. మిగతా నాలుగింటికి పనివాళ్ల మాట తప్ప ఏమీ లేదు. ఆ రెండూ కలపమని అడిగాం, వాటి తాలూకు మెయిళ్లు పంపాం. ఒప్పుకున్నారు. 17 లక్షలకు 3 లక్షల 6 వేల పన్ను, రెండున్నర లక్షలకు 45 వేల పన్ను, మొత్తం 23 లక్షల ఒక వెయ్యి. వడ్డీ పోయింది. మూడున్నర లక్షల పని పోయింది. దాని మీద కట్టిన 63 వేల జీఎస్టీ కూడా పోయింది. క్రెడిట్ నోటు ఇచ్చి పన్ను తగ్గించుకోవడానికి ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబర్ 30 గడువు. అది ఎప్పుడో దాటింది.

రాజీపత్రంలో ఒక్క విషయం మీద గట్టిగా నిలబడ్డాం. డబ్బు ఖాతాలో పడ్డాకే దావా హక్కు వదులుకుంటామని రాయించాం. వాళ్ల మొదటి డ్రాఫ్టులో ముందు వదులుకోవడం, తర్వాత చెల్లింపు అని ఉంది. అలా సంతకం పెడితే, డబ్బు రాకపోతే ఆ రాజీపత్రం మీద దావా వేయడానికి మళ్లీ కొత్త అనుమతి కావాలి. 45వ నెల రెండో వారంలో డబ్బు పడింది. ఆఖరి గడువుకు ఆరు వారాలు మిగిలింది.

ఇప్పుడు మారినవి

ఈ కేసు తర్వాత మిషన్లతో పనిచేసే కక్షిదారులకు వర్క్ ఆర్డర్ దశలోనే మూడు వాక్యాలు పెట్టించుకోమని చెబుతున్నాం. పార్టీగా ఆ రాజ్యం పేరు ఉండాలి, కాన్సులేట్ ద్వారా సంతకం చేస్తున్నట్టు రాయాలి. ఆర్బిట్రేషన్ క్లాజు, స్థలం మన నగరం. ఈ ఒప్పందం విషయంలో దావా నుంచీ, అమలు నుంచీ ఉన్న రక్షణను రెండింటినీ విడివిడిగా వదులుకుంటున్నామన్న వాక్యం. 1961 వియన్నా ఒప్పందం ఆర్టికల్ 32లోనే, దావా విషయంలో రక్షణ వదులుకుంటే అమలు విషయంలో వదులుకున్నట్టు కాదని ఉంది, అందుకే విడివిడిగా. మూడో వాక్యానికి చాలా మిషన్లు ఒప్పుకోవు. ఆర్బిట్రేషన్‌కు మాత్రం అడిగితే తరచుగా ఒప్పుకుంటాయి. మనవాళ్లు అడగరు, అదే ఇబ్బంది.

క్లాజులకంటే చెల్లింపు వరస ఎక్కువ కాపాడుతుంది. మా కక్షిదారు ఇప్పుడు మిషన్ పనులకు 30 శాతం అడ్వాన్సు తీసుకుంటున్నాడు, సామాను సైట్‌కు దిగగానే 40, ప్యానెల్‌కు కరెంటు ఇచ్చే ముందు 25. చివరి 5 శాతమే బాకీగా మిగులుతుంది. ఎక్స్‌ట్రా ఐటమ్ ఏదైనా సరే, రేటుతో సహా మిషన్ మెయిల్ నుంచి ఒక వరుస రాకపోతే పనివాణ్ని నిచ్చెన ఎక్కనివ్వడు.